వాన నీళ్ళలో నైట్రోజన్ పెచ్చు: మా డాబా ప్రాజెక్టు డైరీ

జూన్ 8

కాలేజీ స్టోర్‌రూంలో, విరిగిన బ్యాలెన్సులు పడేసిన బీరువా వెనక, హార్లిక్స్ సీసా కన్నా కొంచెం పొడుగున్న అల్యూమినియం గొట్టం దొరికింది. దుమ్ము తుడిస్తే చిన్న చీటీ: సోడియం అయొడైడ్, థాలియం, ఒకటిన్నర అంగుళం. గామా కిరణం తగిలితే మినుక్కుమనే స్ఫటికం, దాని వెనక ఆ మినుకుని కరెంటు పల్సుగా మార్చే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు. ఎప్పుడో పీజీ కోర్సు వస్తుందని కొన్నారట. కోర్సు రాలేదు, గొట్టం మూలకి చేరింది.

సోడియం అయొడైడ్‌కి తేమ పడదు. ఉప్పులాగే చెమ్మ పీల్చి పచ్చబడిపోతుంది. శ్రీకాకుళం గాలిలో ఇన్నేళ్ళున్నాక బాగుంటుందన్న ఆశ నాకు లేదు. పోనీ సీలు విప్పి చూద్దామంటే, విప్పిన రోజే దానికి ఆఖరు. పని చేయించి చూడాల్సిందే.

రిజిస్టరులో మూడు సంతకాలు పెట్టి, పాత తువ్వాల్లో చుట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తెచ్చాను. ఏడురోడ్ల జంక్షన్ నుంచి ఇంటిదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ఊపిరి బిగబట్టాను.

"దీంతో ఏం చేస్తారు?" అంది మా ఆవిడ.

వాన నీళ్ళలో బెరీలియం ఉందేమో చూస్తానన్నాను.

"ముందు మన ట్యాంకులో నీళ్ళున్నాయేమో చూడండి" అంది.

జూన్ 12

ఇదంతా దేనికో ఒకసారి రాసి పెట్టుకుంటే మంచిది. రేపు పని మధ్యలో విసుగొచ్చినప్పుడు చదువుకోవచ్చు.

వేగంగా వచ్చిన ప్రోటానో న్యూట్రానో కేంద్రకానికి తగిలితే ఏమవుతుంది? మా బీఎస్సీ పిల్లలకి కేంద్రకం పగలడం అంటే విచ్ఛిత్తి ఒక్కటే తెలుసు. యురేనియం నెమ్మది న్యూట్రాన్‌ని మింగి, సాగి, నడుం దగ్గర సన్నబడి రెండు ముక్కలవుతుంది. 1938 డిసెంబరులో హాన్, స్ట్రాస్‌మన్ జర్మనీలో పట్టుకున్నది అది. నాకు కావలసింది దాని సవతి సోదరి, స్పాలేషన్. స్పాల్ అంటే రాతి పెచ్చు. శ్లాబులో ఊచలు తుప్పుపట్టి పెచ్చులూడటాన్ని కూడా సివిల్ ఇంజనీర్లు ఈ మాటతోనే చెప్తారు. ఉప్పుగాలి ఊళ్ళవాళ్ళకి పెచ్చులంటే ఏమిటో వేరే చెప్పాలా.

1946లో బర్క్‌లీలో 184 అంగుళాల సైక్లోట్రాన్ మొదలై, కణాలని వందల ఎంఈవీల (ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, కణాల శక్తికి కొలత) శక్తితో విసరసాగింది. దెబ్బ తిన్న కేంద్రకాలు రెండుగా చీలడం లేదు. ఒక్కో దానిలోంచి పది కణాలో ఇరవై కణాలో ఊడిపోయి, రకరకాల మొండి కేంద్రకాలు మిగులుతున్నాయి. 1947లో రాబర్ట్ సెర్బర్ దీనికి ఒక వివరణ ఇచ్చాడు. క్లాసులో దాన్ని నేను మామిడి కొమ్మతో చెప్తాను. గుత్తిలోకి రాయి విసిరితే, రాయి తగిలిన కాయా, ఆ కాయ తగిలిన పక్క కాయా అప్పటికప్పుడే రాలతాయి. అది మొదటి దశ. అంతటితో అయిపోదు. కొమ్మ ఊగుతూ ఉంటుంది. తొడిమ వదులైన కాయలు ఒక్కొక్కటే, తీరిగ్గా, ఏ వైపంటే ఆ వైపు పడతాయి. అది రెండో దశ. వేడెక్కిన కేంద్రకం నీటిబొట్టులా కణాలని ఆవిరి చేసుకుంటుందని వైస్‌కాఫ్ 1937లోనే లెక్క కట్టి ఉన్నాడు, సెర్బర్ దాన్ని వాడుకున్నాడు.

మొదటి దశ సెకనులో పది కోట్ల కోట్ల కోట్లవ వంతులో, అంటే పది టు ది పవర్ మైనస్ 22 సెకన్లలో ముగుస్తుంది. రెండోది దానికి వేల రెట్లు, ఒక్కోసారి లక్షల రెట్లు నిదానం. రాయికి కొమ్మ మొత్తం ఎందుకు అడ్డు రాదు? ఒక జీఈవీ (వెయ్యి ఎంఈవీల) ప్రోటాన్ తరంగదైర్ఘ్యం కేంద్రకంలో ఇద్దరు ఇరుగుపొరుగుల మధ్య దూరం కన్నా చిన్నది. అందుకే దానికి కొమ్మ కనపడదు, ఒక్కో కాయ విడివిడిగా కనపడుతుంది.

సీసం లాంటి పెద్ద కేంద్రకంలో మొదటి దశ అయ్యాక రెండు వందల ఎంఈవీ దాకా వేడి మిగిలిందనుకుందాం. ఒక న్యూట్రాన్ బయటపడాలంటే ఎనిమిది ఎంఈవీ దాకా చెల్లించాలి, పోతూ పోతూ ఇంకో నాలుగైదు పట్టుకుపోతుంది. భాగించి చూస్తే పది పదిహేను న్యూట్రాన్లు. ప్రోటాన్లు మాత్రం విద్యుదావేశం కట్టిన గోడ దాటలేక చాలావరకు లోపలే ఉండిపోతాయి. అమెరికాలో ఓక్‌రిడ్జ్ దగ్గర పాదరసం మీదికి ఒక జీఈవీ పైబడిన ప్రోటాన్లని కొట్టి, ప్రోటాన్‌కి ఇరవై ముప్పై న్యూట్రాన్లు రాబడుతున్నారు. అక్కడ లక్ష్యం మందంగా ఉంటుంది, ఊడినవి పోయి పక్కవాటిని కూడా ఊడగొడతాయి.

మన జిల్లాలో అలాంటి యంత్రం లేదు. కానీ నెత్తిమీద పదిహేను ఇరవై కిలోమీటర్ల ఎత్తున ఇదే పని రాత్రీ పగలూ జరుగుతోంది. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్లు, వాటి వల్ల పుట్టిన న్యూట్రాన్లు గాలిలోని నైట్రోజన్‌నీ ఆక్సిజన్‌నీ కొడుతున్నాయి. నైట్రోజన్‌లో ఉన్నవి పద్నాలుగే కాయలు. ఊగడానికి అక్కడ కొమ్మంటూ లేదు. దెబ్బకి గుత్తి గుత్తంతా చెదురుతుంది. అలా చెదిరినప్పుడు ఒక్కోసారి నాలుగు ప్రోటాన్లు, మూడు న్యూట్రాన్లు కలిసికట్టుగా మిగులుతాయి. అదే బెరీలియం-7. దాని అర్ధాయుష్షు, అంటే ఉన్నదాంట్లో సగం కూలడానికి పట్టే కాలం, 53 రోజులు. సన్నటి ధూళికి అంటుకుని, వానతో కిందికి దిగుతుంది.

1955లో ఆర్నాల్డ్, అల్ సాలీ దీన్ని షికాగో వాన నీళ్ళలో పట్టారు. మరుసటి ఏడాదే బొంబాయి టాటా సంస్థలో దేవేంద్ర లాల్ బృందం మన దేశపు వానలో పట్టింది. డెబ్బై ఏళ్ళ కిందటి పని. మన డాబా మీద కూడా జరగాలిగా మరి.

జూన్ 21

గొట్టం బతికే ఉంది! కాలేజీలోనే సీజియం-137 బిళ్ళ పెట్టి చూశాను. 662 కేఈవీ (ఎంఈవీలో వెయ్యో వంతు కేఈవీ) దగ్గర లేచే శిఖరం వెడల్పు ఎనిమిదిన్నర శాతం. కొత్తదైతే ఏడు వచ్చేది. ఈ వయసుకి ఇది చాలు.

హై వోల్టేజికి గైగర్ కౌంటర్ పెట్టె నుంచి 700 వోల్టులు లాగాను. పల్సుల ఎత్తు కొలిచే ఖరీదైన పరికరం లేదు కాబట్టి పాత లాప్‌టాప్ సౌండ్‌కార్డే గతి. స్ఫటికం పల్సు మైక్రోసెకన్లలో అయిపోతుంది, సౌండ్‌కార్డుకి అంత చురుకుదనం లేదు. రూపాయిన్నర కెపాసిటర్ ఒకటి అడ్డం పెట్టి పల్సుని సాగదీశాను. ఇప్పుడు ఒక్కో గామా కిరణం ఒక్కో 'టిక్కు'. ఎత్తు టిక్కులు కుడివైపు గడుల్లోకి, పొట్టి టిక్కులు ఎడమవైపు గడుల్లోకి లెక్కకి పోతాయి.

ఇంట్లో స్కేలు సరిచూడటానికి ఎరువుల కొట్లో పొటాష్ కిలో కొన్నాను. పొటాషియంలో సహజంగానే పొటాషియం-40 ఉంటుంది. కిలో పొటాష్‌లో సెకనుకి 16 వేల పరమాణువులు పేలుతుంటాయి, 1461 కేఈవీ దగ్గర శిఖరం వస్తుంది. కొట్టతను "ఏ మొక్కకి మాస్టారూ?" అని అడిగాడు. కొబ్బరికి అని అబద్ధమాడాను.

జూన్ 29

కళింగపట్నం వెళ్ళాం, నేనూ, గార మండలం నుంచి వచ్చే మా ఫైనలియర్ కుర్రాడూ. వంశధార కలిసేచోటికి కొంచెం ఉత్తరంగా, అల వెనక్కి తీసినప్పుడు ఒడ్డు మీద నల్లటి చారలు మిగులుతాయి. చిన్నప్పుడు దాన్ని అయస్కాంతంతో ఆడుకునే ఇసుక అనుకునేవాళ్ళం. తూర్పు కనుమల రాళ్ళు లక్షల ఏళ్ళు అరిగి, నదులు మోసుకొచ్చిన బరువు ఖనిజాలవి. ఇల్మనైట్, గార్నెట్, సిలిమనైట్, వాటితోపాటు కొంచెం మోనజైట్. మన దేశపు మోనజైట్‌లో దాదాపు తొమ్మిది శాతం థోరియం ఆక్సైడ్. భీమిలి నుంచి భావనపాడు దాకా తీరం పొడుగునా ఈ చారలే.

గుప్పెడు ఇసుక స్కేలు కోసం తెచ్చి, కొలిచి, మరుసటి ఆదివారం అక్కడే పారబోశాం. థోరియం సంతానం (అది కూలుతూ పుట్టించే మూలకాలు) గీతలన్నీ వరసగా నిలబడ్డాయి. 238, 583, 911, చివర 2614.

చిక్కు ఇక్కడే వచ్చిపడింది. ఇసుక తీసేశాక కూడా అవే గీతలు కనిపిస్తున్నాయి, ఎత్తు తగ్గాయంతే. గోడవైపు తిప్పితే పెరుగుతున్నాయి. మా ఇంటి గోడల్లో ఉన్నది నాగావళి ఇసుక, కొండరాయి పిక్క. వాటి పుట్టిల్లూ ఆ కనుమలే.

బెరీలియం-7 కూలినప్పుడు పదింట ఒకసారి మాత్రమే, కచ్చితంగా చెప్పాలంటే 10.4 శాతం, 478 కేఈవీ గామా వదులుతుంది. దాని ఎడమ చెవి దగ్గర థోరియం కుటుంబానిదే 463, కుడి చెవి దగ్గర 511, ఆ తర్వాత 583. ఆ ప్రాంతంలో నా స్ఫటికం శిఖరాన్ని దాదాపు 48 కేఈవీ వెడల్పున చూస్తుంది. అంటే 478కీ 511కీ మధ్య సందు దానికి కనపడదు. సంతలో ఇద్దరు గట్టిగా అరుస్తుంటే మధ్యలోవాడి గొణుగుడు వినాలన్నమాట.

జూలై 2

సాయంత్రం ఐదింటికి కుండపోత. తగ్గగానే స్కూటర్ సీటు మీద నీళ్ళని గుడ్డతో తుడిచి గొట్టం ముందు పెట్టాను. లెక్క రెట్టింపు దాటిపోయింది! కుర్రాడికి ఫోన్ చేశాను. వైజాగ్‌లో పనిచేసే మిత్రుడికీ చేశాను.

ఆయన అంతా విని "అరగంట ఆగి మళ్ళీ చూడు" అన్నాడు.

అరగంటకి సగమైంది. భోజనం చేసి వచ్చేసరికి గుడ్డ మామూలు గుడ్డే. శిఖరాలు కూడా 352, 609 దగ్గరే ఉన్నాయి, ఆనందంలో స్కేలు చూడలేదు. అవి నేల నుంచి పైకి లేచిన రేడాన్ సంతానం, సీసం-214, బిస్మత్-214. ఒకదానికి 27 నిమిషాల అర్ధాయుష్షు, ఇంకోదానికి 20. ప్రతి వానతోనూ దిగుతాయి, ప్రతి కొత్తవాడినీ ఒకసారి మోసం చేస్తాయి. ఇకమీదట వాన వెలిశాక ఒక రాత్రి గడవనిదే కొలవకూడదు.

జూలై 6

పరాజయం.

శుక్రవారం వాన నీళ్ళు నలభై లీటర్లు పట్టి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద అల్యూమినియం డేగిసాలో కాచాను. ఉదయం ఏడింటికి మొదలుపెడితే రాత్రి పదయింది. మా అమ్మ రెండుసార్లు వచ్చి చూసి, "ఓలమ్మ, వాన నీళ్ళు కాసి ఏటి సేస్తావురా?" అని వెళ్ళింది. చివరికి చెంచాడు గోధుమరంగు మడ్డి మిగిలింది. రాత్రంతా కొలిచాను. 478 దగ్గర ఏమీ లేదు, నున్నటి వాలు.

తర్వాత తీరిగ్గా చదివితే తెలిసింది. నీళ్ళలో ఆమ్లం లేకపోతే బెరీలియం పాత్ర గోడలకి అతుక్కుంటుంది. నేను మడ్డి గీకి తీసుకున్నాను, అసలు సరుకు డేగిసాకే ఉండిపోయింది. పెరట్లోకి పరిగెత్తేసరికి అమ్మ దాన్ని చింతపండూ బూడిదా పెట్టి తళతళలాడేలా తోమేసింది. నైట్రోజన్ పెచ్చులు కాలువలో కలిసి నాగావళి దారి పట్టాయి.

జూలై 10

సీసం దొరికింది. నేను పాత బ్యాటరీ దుకాణాల చుట్టూ తిరుగుతుంటే కుర్రాడే అన్నాడు: "మా నాన్న దగ్గర సిరిగిపోయిన వలల సీసం ఉంది సార్, పనికొస్తాదా?"

వల అంచున కట్టే గుళ్ళు. చిక్కుడు గింజంత నుంచి ఉసిరికాయంత దాకా, మధ్యలో బెజ్జం, ఉప్పు తిని తెల్లబారినవి. ముప్పై ఐదు కిలోలు రెండు గోనెల్లో ఆటో మీద దిగాయి. ఒకదానిలో ఒకటి రెండు ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి, మధ్య నాలుగు సెంటీమీటర్ల సందులో గుళ్ళు పోసి, కర్రతో కుదించాం. అడుక్కీ మూతకీ కూడా అంతే మందం. లోపలి డబ్బాలో గొట్టం నిలబడుతుంది. గుళ్ళని చేతులతో ముట్టుకున్నాక సబ్బుతో రుద్ది కడుక్కోవాలని కుర్రాడికి పదిసార్లు చెప్పాను. వాళ్ళింట్లో వాటిని పళ్ళతో నొక్కి తాడుకి బిగిస్తారట. ఆ మాట విన్నాక పదకొండోసారి చెప్పాను, ఇంట్లో కూడా చెప్పమన్నాను.

గోనెలు దించడం చూసి ఎదురింటాయన గేటు దగ్గరికొచ్చాడు. "ఏటి మాస్టారూ, కొవ్వాడదా?" రణస్థలం వైపు అణువిద్యుత్ కేంద్రం ప్రతిపాదన వచ్చినప్పటి నుంచి మా జిల్లాలో అణువు అంటే కొవ్వాడే. మనిషి ఒంట్లో పొటాషియం వల్లే సెకనుకి నాలుగు వేల పేలుళ్ళు జరుగుతుంటాయనీ, నేను వెతికేది అందులో వందో వంతు కూడా ఉండదనీ చెప్పాను. ఆయన తన పొట్ట వైపు అనుమానంగా చూసుకుని వెళ్ళిపోయాడు.

డబ్బా లోపల మొత్తం లెక్క పదో వంతుకి పడింది. 583 పూర్తిగా పోలేదు, 511 కూడా పోలేదు. 2614 లాంటి గట్టి కిరణాలు సీసంలోకి వచ్చి అక్కడే కొత్త 511లని పుట్టిస్తాయి. ఆవగింజలు దంచితే ఘాటు ఇల్లంతా పాకినట్టు, అడ్డుపెట్టిన గోడే కొంత రొద చేస్తుంది.

జూలై 14

బంగాళాఖాతంలో అల్పపీడనం. మధ్యాహ్నం నుంచి ఆకాశం డేగిసా అడుగులా ఉంది. ధాన్యం ఆరబోసే బరకం మా మామగారింటి నుంచి తెప్పించి, డాబా మీద మూడు మీటర్లు నాలుగు మీటర్ల లెక్కన పరిచి, నాలుగు మూలలూ ఇటుకలతో లేపి, ఒక మూల పల్లంగా పెట్టి, కింద ఇరవై లీటర్ల క్యాన్లు పెట్టాం. ఈసారి ఒక్కో క్యాన్లో ముందే బాత్రూం కడిగే యాసిడ్ కొద్దిగా వేశాం, లిట్మస్ ఎర్రగా మారేంత.

రాత్రి ఎనిమిదింటికి మొదలైంది. మొదటి చినుకుల్లోనే ధూళి ఎక్కువ దిగుతుంది, బెరీలియం కూడా దానితోనే. అందుకే తొలి నీళ్ళు వదలకూడదు. బరకం మీద నుంచి వచ్చిన మొదటి నీళ్ళు లేత టీ రంగులో ఉన్నాయి. నలభై నిమిషాల్లో మూడు క్యాన్లు నిండాయి. పన్నెండు చదరపు మీటర్ల మీద అయిదారు మిల్లీమీటర్ల వాన అన్నమాట. ఇద్దరం నిలువునా తడిశాం. మా ఆవిడ పైకి రాకుండానే మెట్ల మీద నుంచి "జీడిపప్పు ఉప్మా చల్లారిపోతోంది" అని కేకేసింది. ఉప్మా అనగానే కుర్రాడు మూడో క్యాను మూత బిగించకుండానే దిగిపోయాడు.

జూలై 15

బోరు నీళ్ళ కాఠిన్యం తీయడానికి వాడే రెజిన్, సన్నటి సాబూదానాలాంటిది, నీళ్ళ ఫిల్టర్ల కొట్లో పావు లీటరు అడిగితే ఊరికే ఇచ్చాడు. సోడియం వదిలి, రెండు ఆవేశాలున్న అయాన్లని పట్టుకునే గుణం దానిది. బెరీలియం అయాన్‌కీ ఆవేశం రెండే. ఒకటిన్నర అంగుళం పీవీసీ పైపులో రెజిన్ నింపి, అడుగున పొందూరు ఖద్దరు గుడ్డ రెండు మడతలు కట్టి, పైనుంచి సెలైన్ ట్యూబుతో చుక్కచుక్కగా నీళ్ళు వదిలాను. గంటకి ఆరు లీటర్లు. పది గంటలు పట్టింది, రాత్రి రెండింటికి అయింది. పొందూరు నేత చాలా సన్నం, ఒక్క గింజ జారలేదు. (చేప దవడతో ఏకిన పత్తి గుడ్డ అణుభౌతికశాస్త్రానికి పనికొచ్చిన మొదటి సందర్భం ఇదేనేమో!)

ఇలాంటి ప్రయోగాల్లో మామూలుగా కొంచెం మామూలు బెరీలియం లవణం కలిపి, దాని వెంట దీన్ని కూడా లాగుతారు. బెరీలియం దుమ్ము ఊపిరితిత్తులకి విషం. ఇంట్లోకి తేనని ముందే ఒట్టు పెట్టుకున్నాను. పట్టు తగ్గితే తగ్గనీ.

జూలై 17

రెజిన్‌ని చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసి, నిన్న రాత్రి గొట్టం మీద పెట్టి ఎనిమిది గంటలు కొలిచాను. ఈ రాత్రి అంతే కొత్త రెజిన్‌ని, ఆర్వో నీళ్ళు పోసి, అలాంటి డబ్బాలోనే పెట్టి మరో ఎనిమిది గంటలు కొలవాలి. ఈ రెండోది లేకపోతే మొదటిదానికి విలువ లేదు.

కొత్త రెజిన్ కొలుస్తుండగా రాత్రి 1:20కి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీదికి మారేలోపు ఫ్యాను ఆగి గది వేడెక్కింది. పొటాషియం శిఖరం 730వ గడి నుంచి 719కి జరిగింది. పదకొండు గడులు! మామూలు రోజు పట్టించుకోను. 478 దగ్గర జరిగేది అందులో మూడో వంతే, కానీ ఇక్కడ 478కీ 511కీ మధ్య ఉన్నదే పదహారు గడులు. శిఖరం జరిగితే 511లో కొంత వచ్చి 478 వేషం వేసుకుంటుంది. ఆ రాత్రి లెక్క చెరిపేశాను.

జూలై 19

మళ్ళీ కొలిచాను. ఈసారి ఎనిమిది గంటలని పావుగంట ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలోనూ పొటాషియం శిఖరం ఎక్కడుందో చూసి, అన్నిటినీ దాని మీదికి జరిపి కలిపాను. వాన రెజిన్‌కి పెట్టినట్టే పక్కనే పొటాష్ పొట్లం పెట్టాను, శిఖరం ప్రతి ముక్కలో స్పష్టంగా కనపడటానికి. ఎరువుల కొట్టతనికి చెప్పిన అబద్ధం వృథా పోలేదు.

లెక్కపెట్టిన కిటికీ 455 నుంచి 500 కేఈవీ. ఖాళీ రెజిన్: 23,100. వాన రెజిన్: 26,580.

తేడా 3,480. ఈ తేడాలో ఊరికే రాగల ఊగిసలాట 223. పదిహేను రెట్లు పైనే.

గ్రాఫులో ఒకదాని మీద ఒకటి వేసి చూశాను. వాలులో చిన్న బుడిపె. అమ్మకి చూపించాను. "ఇదేనా?" అంది. ఇదే.

లెక్క వేసుకుంటే, నా స్ఫటికం ఆ శక్తి దగ్గర వందకి నాలుగు పడుతుంది, సీజియం బిళ్ళ సాయంతో వేసిన అంచనా, ముప్పై శాతం అటూఇటూ. దాని మీద 10.4 శాతం. మొత్తం 29 బెక్వెరెల్‌లు, అంటే సెకనుకి 29 పేలుళ్ళు. అరవై లీటర్ల మీద పంచితే లీటరుకి సుమారు అర బెక్వెరెల్. రెజిన్ అంతా పట్టి ఉండదు కాబట్టి అసలు ఇంకా ఎక్కువే. ప్రపంచంలో చాలాచోట్ల వాన నీళ్ళకి లీటరుకి ఒకటి అటూఇటూగా రాస్తారు. మన అక్షాంశంలో భూమి అయస్కాంత క్షేత్రం గట్టి కాపలా కాస్తుంది, పది పదిహేను జీఈవీ లోపు ప్రోటాన్లని గాలిదాకా రానివ్వదు. అందుకని మనకి కొంచెం తక్కువ రావడంలో వింత లేదు.

29 బెక్వెరెల్‌లంటే డబ్బాలో ఉన్న బెరీలియం-7 పరమాణువులు 20 కోట్లు. 20 కోట్ల కేంద్రకాలు మా ఊరి ఆకాశంలోనో, సముద్రం పైనో దెబ్బతిని మూడు క్యాన్లలోకి వచ్చాయి. బరువు గ్రాములో లక్ష కోట్లవ వంతు తీసుకుని, అందులో మళ్ళీ వెయ్యో వంతు రెండు పాళ్ళు. మా కాలేజీ బ్యాలెన్సు విరగకుండా ఉన్నా ఏం లాభం.

జూలై 27

వైజాగ్ మిత్రుడు ఆదివారం వచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద పెట్టిన అణుభౌతికశాస్త్ర విభాగంలో చదివినవాడు, తేలిగ్గా ఒప్పుకోడు. బుడిపె చూసి, "రెజిన్ రేడియంనో సీసాన్నో కూడా పట్టి ఉంటే? నీ 463 పెరిగి ఉంటే?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ స్ఫటికంతో 463నీ 478నీ విడదీయడం కుదరదు.

"ఆయుష్షు చూడు. బెరీలియమైతే 53 రోజులకి సగం కావాలి. థోరియం బాపతైతే కాదు" అన్నాడు వెళ్తూ. సెప్టెంబరు దాకా ఆగాలి. డబ్బాకి టేపు చుట్టి, తేదీ రాసి, పుస్తకాల అరలో పెట్టాను. సీసం మాత్రం వాళ్ళ నాన్న అడిగేదాకా ఉంచుకోవచ్చన్నాడు కుర్రాడు.

ఆగస్టు 16

ఏం చేయలేదు. క్లాసులు, పరీక్ష పేపర్లు. మధ్యలో ఒక రాత్రి మరియెట్టా బ్లౌ, హెర్తా వాంబాకర్ గురించి చదివాను. 1937లో ఇన్స్‌బ్రుక్ పక్కన 2300 మీటర్ల కొండ మీద ఫోటో పలకలని నెలల తరబడి ఊరికే ఉంచారు. తీసి కడిగి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒక చుక్క నుంచి అన్ని వైపులకీ గీతలు, ముగ్గులో చుక్కలా. కాస్మిక్ కణం తగిలి ఎమల్షన్‌లోని ఒక కేంద్రకం అక్కడికక్కడే పగిలిన గుర్తు. బెరీలియం-7 కన్నా ఇది ఎంతో నేరుగా చూడటం. దెబ్బ పడిన చోటే కనపడుతుంది. నేను చూస్తున్నది పెచ్చుని మాత్రమే, అదీ వారాల తర్వాత, నీళ్ళలో.

సెప్టెంబరు 9

జూలై 16 రాత్రి నుంచి మొన్న 7వ తేదీ రాత్రికి సరిగ్గా 53 రోజులు. అదే డబ్బా, అదే చోటు, ఎనిమిది గంటలు. ఎనిమిదో తేదీ రాత్రి ఖాళీ రెజిన్.

జూలైలో చెరిపేసిన రాత్రి ఖాళీ రెజిన్‌ది, వాన రెజిన్‌ని జూలై 16నే సరిగ్గా కొలిచాను కాబట్టి మొదటి తేదీ అదే పెట్టుకున్నాను.

ఖాళీ: 23,040. వాన: 24,830. తేడా 1,790, ఊగిసలాట 219. సగమైతే 1,740 రావాలి.

ముందు స్ఫటికమే మందగించిందేమోనని భయపడ్డాను. తేమ పీల్చుకుని చూపు తగ్గినా లెక్క ఇలాగే సగమవుతుంది. అది తేల్చడానికి 583 చూశాను, మా గోడల థోరియం గీత. జూలైలో 6,210. ఇప్పుడు 6,150. ఊగిసలాట 190. కదల్లేదు. జూన్ నుంచి తిట్టుకుంటున్న ఆ కళింగపట్నం ఇసుక చుట్టమే ఇవాళ సాక్షిగా నిలబడింది. గోడది గోడంతే ఉంది, వానది సగమైంది.

మిత్రుడికి రెండు అంకెలూ మెసేజ్ పెట్టాను. "సరే" అని జవాబు వచ్చింది. ఆయన దగ్గర అది చాలా పెద్ద మాట.

సీసం ఇవాళ సాయంత్రం గోనెల్లో తిరిగి వెళ్ళిపోయింది, కడిగి, ఎండబెట్టి. కొత్త వల కడుతున్నారట. బరకం మాత్రం ఇంకా డాబా మీదే ఉంది. ధాన్యం కాలానికి ఇచ్చెయ్యమని మామగారు రెండుసార్లు ఫోన్ చేశారు.